పాత జీపు కొనేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి ముందు పాత జీపు ఉన్నవాడికి రెండు పనులు తప్పవు. వారానికోసారి దాని కింద దూరాలి. దారిన పోయేవారు ఆగి అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొదటి పని నాకు అలవాటైపోయింది. రెండోదాన్ని కాస్త తగ్గించుకుందామని ఇది రాస్తున్నాను. ఇక్కడ జీపు అంటే అమెరికా కంపెనీ విల్లీస్ జీపుల వంశానికి చెందిన పాత మహీంద్రాలు, మారుతి జిప్సీ, సైన్యం వాడి వదిలేసిన జోంగా. 2010లో వచ్చిన థార్ గురించి, ఆ తర్వాతి బళ్ల గురించి ఇందులో ఏమీ లేదు.

ముందుగా చూడాల్సింది ఇంజినా, బాడీయా?

రెండూ కాదు, కాగితాలు. ఇంజిను అరిగితే బోరు చేయించవచ్చు. గేరుబాక్సు పోతే ఇంకోటి దొరుకుతుంది. బాడీ తుప్పు పడితే రేకు కొట్టించవచ్చు. ఆర్‌సీ సరిగ్గా లేకపోతే మాత్రం అది బండి కాదు, తూకానికి వేసే ఇనుము.

నేను మొదట బేరమాడిన జీపు అలాంటిదే. ఇంజిను చప్పుడు విని మురిసిపోయి, ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును బండి మీద ఉన్నదానితో పోల్చకుండానే అడ్వాన్సు చేతిలో పెట్టాను. ఒక్క అంకె తేడా వచ్చింది. ‘రాసినవాళ్ల పొరపాటండీ, సరిచేయించి ఇస్తాను’ అన్నాడు అమ్మినాయన. ఎనిమిది నెలలు తిరిగాక తేలిందేమిటంటే, ఆ కాగితం ఒక బండిది, ఆ ఛాసిస్ ఇంకో బండిది. ఇచ్చిన అడ్వాన్సులో సగం కూడా వెనక్కి రాలేదు. అప్పటినుంచి ఏ జీపు దగ్గరికి వెళ్లినా బానెట్ ఎత్తకముందే ఆర్‌సీ అడుగుతున్నాను.

ఛాసిస్ నంబరును ఎలా పోల్చాలి?

టార్చిలైటు, ఇనుప బ్రష్షు, కాస్త కిరోసిన్, ఒక పెన్సిలు, తెల్లకాగితం తీసుకెళ్లండి. ఛాసిస్ మీద నంబరు కొట్టినచోట మట్టీ గ్రీజూ గీకి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు అచ్చుపడతాయి. రవాణా శాఖ కార్యాలయాల దగ్గర చేసేదీ ఇదే. అచ్చును ఆర్‌సీతో ఒక్కొక్క అంకె చొప్పున సరిచూడండి. అంకెలన్నీ ఒకే ఎత్తులో, ఒకే లోతులో ఉన్నాయా? చుట్టుపక్కల వెల్డింగు మచ్చలు గానీ గ్రైండింగు గీతలు గానీ ఉన్నాయా? నంబరు ఉన్న ముక్క వరకే కొత్తగా మెరుస్తోందా? అనుమానం వస్తే అక్కడితో ఆపేయండి. ఇంజిను వెనక గోడకు రివెట్లతో కొట్టిన రేకు పలకను సాక్ష్యంగా తీసుకోవద్దు. రెండు రివెట్లు ఊడదీస్తే అది ఏ బండికైనా మారుతుంది.

పాత మూడక్షరాల నంబరు ఉన్న బండి కొనవచ్చా?

కొనవచ్చు. 1989లో ఏపీ-09 వంటి నంబర్లు మొదలవకముందు ఆంధ్రప్రదేశ్ బళ్లకు ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల నంబర్లు ఉండేవి. ఆ పలక చూసి జనం ముచ్చటపడతారు, అమ్మేవారు ధర పెంచుతారు. చిక్కేమిటంటే, ఆ కాలపు రికార్డులు పుస్తకాల్లో ఉండేవి. కొన్ని ఇంకా కంప్యూటర్లోకి ఎక్కలేదు. బళ్ల రికార్డులు చూపించే ప్రభుత్వ వెబ్‌సైటు వాహన్ పోర్టల్‌లో వివరాలు కనిపించకపోతే, డబ్బు ఇవ్వకముందే అమ్మేవారి చేత ఆ రికార్డు ఎక్కించమనండి. ‘మీరు కొన్నాక చేయించుకోవచ్చు’ అనే మాటకు లొంగవద్దు. పాత యజమాని చనిపోయి, వారసుల్లో ఎవరో ఒకరు అమ్ముతున్న బళ్లు ఈ కోవలో ఎక్కువ. మిగతా వారసుల సమ్మతి కాగితం మీద ఉందో లేదో చూడండి.

15 ఏళ్లు దాటిన బండి రోడ్డు మీద తిరగనిస్తారా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత వాడకపు బండిని వయసు చూసి ఆపరు. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫారం 25 పెట్టి, బండిని తనిఖీకి చూపించి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లు, జీపులకు ఈ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025లో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. హరిత పన్ను వేరు. డీజిలుకు 10 ఏళ్లు, పెట్రోలుకు 15 ఏళ్లు అన్న కట్టడి దేశ రాజధాని ప్రాంతానిది. అందుకే ఢిల్లీ వైపు పాత జిప్సీలు చవగ్గా కనిపిస్తాయి. తెచ్చుకోవాలనుకుంటే అక్కడి నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, చేతికి వచ్చాకే బండి ఎక్కండి. ఇక్కడికి తెచ్చాక జీవితకాల పన్ను ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకుంటే, ఆ చవక చాలాసార్లు ఆవిరైపోతుంది.

మా తాతగారి జీపుకు 50 ఏళ్లు దాటాయి. వింటేజ్‌గా నమోదు చేయించాలా?

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేమీ చేయని బండిని వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు. కానీ అలా నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు వెళ్లిరావడం వరకే. తాతగారి జీపుకు మామూలు ఆర్‌సీ బతికి ఉంటే దాన్నే పొడిగించుకోండి. పొలం గట్టు దాకా వెళ్లని జీపు ఎందుకు?

ప్రభుత్వ వేలంలో చవగ్గా దొరుకుతాయంటారు, నిజమేనా?

ఒకప్పుడు నిజం. పంచాయతీ సమితి జీపు, నీటిపారుదల శాఖ జీపు, ఎర్ర త్రికోణం వేసుకుని ఊరూరా తిరిగిన కుటుంబ నియంత్రణ జీపు చివరికి వేలంలో ఎవరో ఒక రైతు ఇంటికో కాంట్రాక్టరు షెడ్డుకో చేరేవి. నా ఇప్పటి జీపు కూడా అలా వచ్చినదే. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. వాటిని తుక్కు చేయాల్సిందే. సైన్యం, శాంతిభద్రతల వంటి వాటికి వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. కాబట్టి ‘నిన్ననే ఆఫీసు వేలంలో పాడుకున్నాను, కాగితాలు వస్తున్నాయి’ అని ఎవరైనా అంటే, ఆ కాగితాలు వచ్చాకే మళ్లీ కలుద్దామని చెప్పండి.

జోంగా ఎలాంటి బండి?

రాజసమైన బండి. నిస్సాన్ కంపెనీ ‘పట్రోల్’ అనే బండి నమూనా మీద జబల్‌పూర్ వాహన కర్మాగారంలో 1969 నుంచి 1999 వరకు సైన్యం కోసం తయారైంది. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న ఇంగ్లీషు పేరును కుదిస్తే వచ్చిన పేరు. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ పెట్రోలు ఇంజిను. లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే పండగే. ఇదే మొదటి పాత బండి కావద్దని నా సలహా. విడిభాగాల కోసం ఉత్తరాదికి ఫోన్లు చేస్తూ కూర్చోవాల్సి వస్తుంది. పైగా సైన్యం నుంచి విడుదలైన కాగితం, దాని ఆధారంగా చేసిన పౌర రిజిస్ట్రేషన్, రెండూ సక్రమంగా ఉన్న జోంగాలు తక్కువ.

అయితే మొదటిసారి కొనేవారికి ఏ బండి మంచిది?

రెండే పేర్లు చెబుతాను. 2000 సంవత్సరం తర్వాతి జిప్సీ కింగ్, లేదా మహీంద్రా వారి డీజిలు ఎంఎం 540.

జిప్సీ 1985 చివర్లో మన రోడ్ల మీదికి వచ్చింది. అప్పటి ఇంజిను 970 సీసీ. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1,298 సీసీతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో కార్బురేటర్ పోయి ఇంధన ఇంజెక్షన్ వచ్చింది, శక్తి 60 నుంచి 80 హార్స్‌పవర్‌కు చేరింది. ఈ చివరి రకం పొద్దున్నే ఒక్క తాళానికే లేస్తుంది, బరువు తక్కువ, బురదలో కూరుకుపోయినా నలుగురు కలిసి తోస్తే బయటపడుతుంది. సైన్యం ఏళ్ల తరబడి వాడడంతో సామాను కూడా దొరుకుతుంది. ముందూ వెనకా స్ప్రింగులుగా ఉన్నవి కమాన్ కట్టలే, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలే కాబట్టి వెనక సీట్లో కూర్చున్నవారు గతుకు గతుకుకూ మిమ్మల్ని తలుచుకుంటారు.

ఎంఎం 540లో ప్యూజో నమూనా 2,112 సీసీ డీజిలు ఇంజిను ఉంటుంది. నిదానం, మొండితనం దాని స్వభావం. పల్లెటూరి మెకానిక్‌కు కూడా దాని లోపలి సంగతులు తెలుసు. ఒక్క హెచ్చరిక. మహీంద్రా జీపులన్నీ ఫోర్ వీల్ డ్రైవ్ కావు. వెనక చక్రాలకే శక్తి అందే జీపులు బోలెడన్ని అమ్ముడయ్యాయి. బండి ముందు వంగి కిందకు చూడండి. ముందు చక్రాల మధ్య గుండ్రటి ఉబ్బు ఉన్న హౌసింగు, దానికి వెనకనుంచి వచ్చే జాయింటు షాఫ్టు, రెండూ ఉంటేనే అది ఫోర్ వీల్. సీటు పక్కన అదనపు గేరు కర్ర ఉంది కదా అని నమ్మవద్దు; కింద షాఫ్టు ఊడదీసి పక్కన పెట్టిన బళ్లు నేను మూడు చూశాను.

మహీంద్రా పాత పెట్రోలు జీపు సీజే-3బీ అందం వేరు. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలైన మహీంద్రా ప్రయాణంలో మన జనం మనసులో నిలిచిన రూపం అదే. అమెరికాలో 1953లో పుట్టి 1968లో ఆగిపోయింది. మన దగ్గర ఆ తర్వాత కూడా చాలాకాలం తయారైంది. 2,199 సీసీ హరికేన్ ఇంజినులో లోపలికి పీల్చే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి. దాంతో ఇంజిను ఎత్తు పెరిగి బానెట్‌నూ ఎత్తు చేయాల్సి వచ్చింది. దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. దీన్ని రెండో బండిగా కొనండి.

‘ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు’ అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

మొదట బండి ముఖాన ఉండే జల్లెడలో, అంటే గ్రిల్లులో, నిలువు చీలికలు లెక్కపెట్టండి. యుద్ధకాలపు జీపుకు తొమ్మిది, యుద్ధం తర్వాత పౌరులకు అమ్మినవాటికి ఏడు. జల్లెడ మార్చడం తేలిక కాబట్టి వెనక్కి కూడా వెళ్లండి. యుద్ధపు జీపుకు వెనక తెరుచుకునే తలుపు లేదు, స్టెప్నీ వెనక గోడకు ఉంటుంది, స్టీరింగు ఎడమవైపు. పెట్రోలు పోయాలంటే డ్రైవరు సీటు ఎత్తాలి. నన్ను పిలిపించి చూపించిన ‘యుద్ధపు జీపు’ల్లో ఎక్కువ భాగం ఆకుపచ్చ రంగు, తెల్ల నక్షత్రం వేసుకున్న మహీంద్రాలే.

పెట్రోలు జీపులో డీజిలు ఇంజిను వేసి ఉంది. పర్వాలేదా?

ఆర్‌సీలో ఇంధనం ‘డీజిలు’ అనీ, కొత్త ఇంజిను నంబరూ ఎక్కి ఉంటే పర్వాలేదు. డీజిలు బాగా చవగ్గా ఉన్న రోజుల్లో వేల జీపులకు ఇలా గుండె మార్పిడి జరిగింది. కాగితం మాత్రం చాలామంది మార్పించలేదు. ఇప్పుడు మీరు వెళ్లి మార్పించడం కష్టం. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

పంజాబ్, హరియాణా సరిహద్దులోని మండీ డబ్వాలీలో పాత ఛాసిస్ మీద తళతళలాడే జీపు కట్టించి తెచ్చుకుందామనుకునే కుర్రవాళ్లకూ ఇదే జవాబు. పెద్ద చక్రాలు, నెత్తిన ఆరు లైట్లు ఫొటోలో బాగుంటాయి. చెక్‌పోస్టులో ఆర్‌సీ చూసేటప్పుడు బాగుండవు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా అడిగేదీ వాటి గురించే.

తుప్పు ఎక్కడ వెతకాలి?

పైన కాదు, కింద. జీపు పైకి మేడిపండే. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. తలుపు కింది అంచుల్లో, చక్రాల పైన అది అంటుకోకపోతే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. అది పెద్ద జబ్బు కాదు. ఛాసిస్‌కు కమాన్ కట్టల కొక్కేలు తగిలించే చోట్లు, గేరుబాక్సును మోసే అడ్డ దూలం, జిప్సీకైతే వెనక చక్రాల దగ్గర ఛాసిస్ వంపు, వీటిని స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల తుప్పు పొరలు లేచాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలి పీల్చిన బండికీ అనంతపురం ఎండలో నిలబడిన బండికీ ఈ విషయంలో చాలా తేడా ఉంటుంది. నేనైతే రంగు వెలిసిపోయిన అనంతపురం బండికే ఎక్కువ ఇస్తాను. కొత్తగా రంగు వేసిన బండి కంటే రంగు పోయిన బండి నిజం చెబుతుంది.

నడిపి చూసేటప్పుడు ఏం గమనించాలి?

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేశారన్నమాట. టీ తాగుతూ చల్లారేదాకా ఆగండి, అసలు రోగం చల్లని ఇంజినులోనే కనబడుతుంది. స్టార్టయ్యాక ఆయిలు పోసే మూత తీసి చూడండి. అక్కడినుంచి పొగ బుసబుసమని కొడుతుంటే పిస్టన్లు, రింగుల ఖర్చు మీ నెత్తిన ఉంది. పాత మూడు గేర్ల పెట్రోలు జీపులో మొదటి గేరు బండి కదులుతుండగా వేస్తే గరగరమంటుంది. అది జబ్బు కాదు, ఆ గేరుకు పళ్ల వేగాలను కలిపే సింక్రో లేదు, పూర్తిగా ఆగాకే వెయ్యాలి. కానీ పల్లంలో కాలు తీసినప్పుడు గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కు వస్తే గేరుబాక్సు విప్పాల్సిందే.

గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ఒక గతుకు తగలగానే ముందు చక్రాలు దడదడ వణికి, స్టీరింగు చేతుల్లోంచి లాక్కుంటే భయపడకుండా నిదానంగా వేగం తగ్గించండి. ముందు చక్రాలను తిప్పే కీళ్లు, అంటే కింగ్‌పిన్ బేరింగులో టైరాడ్ ఎండ్లో, అరిగి ఉంటాయి. ఖర్చు మరీ పెద్దది కాదు గానీ బేరంలో పనికొస్తుంది. దిగాక ముందు చక్రాల లోపలివైపు చూడండి. నూనె కారి తడిసి ఉంటే సీళ్లు పోయాయి.

చివరగా దున్నిన చేలోకో ఇసుక కుప్ప మీదికో తీసుకెళ్లి ఫోర్ వీల్ వేయమనండి. మీరు కింద నిలబడి ముందు చక్రం కూడా మట్టి తవ్వుతోందా లేదా చూడండి. అమ్మేవారు ఇందుకు ఒప్పుకోకపోతే జవాబు దొరికినట్టే.

ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడు వేయాలి?

చక్రం జారే నేల మీద మాత్రమే. తారురోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద ఎప్పుడూ వద్దు. ఈ బళ్లలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడా సరిపోతుంది. గట్టి రోడ్డు మీద జారే వీలు లేక ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్లలో బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, కర్ర వెనక్కి రాదు. అప్పుడు సుత్తితో కొట్టకండి. బండిని నాలుగడుగులు వెనక్కి నడపండి, మెలి విడిపోయి కర్ర వెన్నలా వస్తుంది.

నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలనడానికి కారణం కూడా ఇదే. పాత విల్లీస్ రకం జీపుల్లో కింద మూడు కర్రలుంటాయి: ఒకటి గేరుకు, ఒకటి ముందు ఇరుసుకు, మూడోది ‘హై’, ‘లో’ మార్చడానికి. ‘లో’లో వేస్తే వేగం సగానికంటే తగ్గి, లాగే బలం అంతకు అంత పెరుగుతుంది. శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరి ఆలయానికి అడవి బాటలో జీపు ఎక్కి వెళ్లినవారికి ఆ బలం ఏమిటో నడుము సాక్షిగా తెలుసు. వాడకపోయినా నెలకోసారి మట్టిబాటలో ఫోర్ వీల్ వేసి కాస్త దూరం నడపండి. లేకపోతే అవసరమైన రోజు అది కదలదు.

బ్రేకులు నమ్మవచ్చా?

నమ్మేముందు మార్చండి. పాత విల్లీస్ రకం జీపుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, బ్రేకు ఆయిలును తోసే మాస్టర్ సిలిండర్ ఒకే గదిది. ఎక్కడ ఒక గొట్టం చిట్లినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. కొన్న వారంలోనే రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్లు, బ్రేకు ఆయిలు అన్నీ కొత్తవి వేయించండి. వీటిలో చేతిబ్రేకు చక్రాలను పట్టదు, వెనక్కి వెళ్లే షాఫ్టును పడుతుంది. నిలబెట్టడానికే అది, పరుగులో లాగితే షాఫ్టు కీళ్లైన క్రాసులు విరుగుతాయి. లోతు నీళ్లు దాటాక తడి డ్రమ్ములు పట్టవు. పెడల్‌ను మెల్లగా నొక్కి పట్టుకుని కొంతదూరం నడిపి ఆరబెట్టుకోండి.

ఇప్పటి ఇథనాల్ పెట్రోలు పాత ఇంజిన్లకు పడుతుందా?

బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటర్ వాషర్లను, పంపు డయాఫ్రమ్‌ను అది మెత్తబరుస్తుంది. తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి, ట్యాంకు తర్వాత ఒక ఫిల్టరు పెట్టించండి, బండిని నిలబెట్టి ఉంచకండి. గొట్టం చెమర్చి పెట్రోలు వాసన వస్తే ఆ రోజే మార్చండి. అది ఖర్చు విషయం కాదు, నిప్పు విషయం.

మైలేజీ?

పెట్రోలు జీపు ఏడెనిమిది, జిప్సీ పది, డీజిలు ఎంఎం 540 పదకొండు. అంతకంటే ఎక్కువ చెప్పినవారు అమ్ముతున్నారని అర్థం.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే మహీంద్రాకు కావలసినవి చాలావరకు దొరుకుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ వెతకవచ్చు. మరీ అరుదైనవైతే ఢిల్లీ మాయాపురి. పాత భాగాన్ని చేత్తో పట్టుకుని వెళ్లండి, పేరు చెప్పి తెచ్చుకుంటే సగంసార్లు తప్పు వస్తువు వస్తుంది. ఇరుసులోని పళ్లచక్రాలైన క్రౌను, పినియన్‌ల విషయంలో కొత్తగా తయారైన నాసిరకం కంటే పాత బండినుంచి తీసిన అసలుది మేలు.

సామానుకంటే కరువు మనిషికి. కార్బురేటర్ విప్పి, చెవితో విని టైమింగు సరిచేసే మెకానిక్కులు ఇప్పుడు అరవై దాటినవారే. బండికంటే ముందు ఆ మేస్త్రీని వెతుక్కోండి. బండి చూడడానికి ఆయన్నే వెంట తీసుకెళ్లండి, ఆ రోజు కూలి ఇవ్వండి. ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని పానాలు అందించండి. రెండేళ్లలో సగం పని మీకే వస్తుంది.

మొదటి ఏడాది ఎంత ఖర్చవుతుంది?

బండి ధరలో మూడోవంతు విడిగా పక్కన పెట్టుకోండి. బ్రేకులు, టైర్లు, వైరింగు, రేడియేటర్, అన్ని ఆయిళ్లు, ఈ వరసలో వాడండి. రంగు చివర. చాలామంది రంగుతో మొదలుపెట్టి అక్కడే డబ్బు అయిపోగొట్టుకుంటారు. బీమా విషయానికొస్తే మూడో పక్షం బీమా తప్పనిసరి. సొంత నష్టానికి కూడా కావాలంటే బండి విలువ ఎంతో కంపెనీతో ముందే మాట్లాడుకుని పాలసీలో రాయించుకోవాలి.

రోజూ ఆఫీసుకు వేసుకెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. జూన్‌లో వర్షం పక్కనుంచి కొడుతుంది, మేలో వేడి కిందనుంచి వస్తుంది. రెండో బండి ఉంచుకోండి.

అడవిలోకి, సముద్రతీరానికి తీసుకెళ్లవచ్చా?

అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. రిజర్వు అడవిలో ఉన్న బాట దాటి నడపవద్దు. పాడేరు, మారేడుమిల్లి వైపు ఊళ్లకు వెళ్లే మట్టిబాటలే చాలు, బండికీ మీకూ చేతినిండా పని. తీరంలో ఇసుక మీద తిప్పితే పోలీసుల సంగతి అటుంచి, ఆ ఉప్పునీరు ఛాసిస్ లోపలికి చేరి పదేళ్ల తుప్పును రెండేళ్లలో తెస్తుంది. ఒకవేళ చక్రాలు తడిస్తే ఆ సాయంత్రమే మంచినీళ్లతో కిందంతా కడిగించండి.

అమ్మాల్సి వస్తే?

ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, కొన్నవారి గుర్తింపు కాగితం నకలు తీసుకోండి. బండి అప్పగించిన తేదీనీ సమయాన్నీ రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకం చేయండి. రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాల్సింది అమ్మినవారే. ఆర్‌సీలో పేరు మారేదాకా బండి చేసిన ప్రమాదానికి నష్టపరిహారం ఆ పేరున్నవారి మెడకే చుట్టుకుంటుంది. పేరు మారాక వచ్చిన కొత్త ఆర్‌సీని ఒక ఫొటో తీసి పంపమనండి. పంపేదాకా రోజూ ఫోను చేయండి.